ఎర్రగుడ్డ కట్టని బండి

పదేళ్లు దాటింది. ఇన్నేళ్లూ ఒక అబద్ధాన్ని లోపల పెట్టుకుని తిన్నాను, పడుకున్నాను, పెళ్లిళ్లకు పోయి అక్షింతలు వేసి వచ్చాను. లోపల బరువున్నవాడికి అన్నం సయించదంటారు. నాకు సయించింది. నిద్ర కూడా పట్టింది. బీపీ, షుగరు అదుపులోనే ఉన్నాయని డాక్టరు మెచ్చుకుంటాడు. అయినా ఒంటరిగా ఉన్నప్పుడు, ముఖ్యంగా బండి కింద వెల్లకిలా పడుకుని బోల్టులు విప్పుతున్నప్పుడు, ఆ మాట వచ్చి ఛాతీ మీద కూర్చుంటుంది. బయటికి వచ్చి చాయ్ తాగితే కొంచెం తగ్గుతుంది. మళ్లీ వస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. అదే నాకు అనుకూలం. నా పేరు చెప్పను గానీ ఊరు జనగామ అని చెప్తాను. తెలిసినవాళ్లు చదివితే గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఈ మూడు జిల్లాల్లోనూ పాత జర్మన్ కారు పెట్టుకుని తిరిగేవాళ్లు ఒకప్పుడు ఇద్దరమే ఉండేవాళ్లం. ఇప్పుడు నేనొక్కణ్ణే ఉన్నాను. ఆ రెండో మనిషి గురించే ఇదంతా.

మాది బచ్చన్నపేట దిక్కు వ్యవసాయ కుటుంబం. భూమి ఉంది, జనగామలో ఎరువుల దుకాణం ఉంది, మా బావమరిది రాజకీయాల్లో తిరుగుతాడు. మా వాళ్లందరూ చేతిలో నాలుగు పైసలు ఆడగానే ఎత్తైన తెల్ల బండ్లు కొన్నారు. నేను మాత్రం హైదరాబాదులో ఒక డాక్టరు ఇంటి వెనక ఏళ్ల తరబడి కదలకుండా పడున్న ముదురు నీలం రంగు కారు కొన్నాను. నేను బడికి పోయే రోజుల్లో జర్మనీలో తయారైన బండి. స్పోర్ట్ సెడాన్ అంటారు. నాలుగు తలుపులు, వెనక డిక్కీ, చూడటానికి పెద్దమనిషి బండే. ఇంజను మాత్రం పందేనికి చేసింది. లారీ మీద దాన్ని ఇంటికి తెచ్చిన రోజు మా ఆవిడ గేటు దగ్గరే నిలబడి, దీన్ని లోపలికి తేవడానికి తుక్కువాడు ఎదురు డబ్బులిచ్చాడా అని అడిగింది.

ఆ ఎగతాళిని నేను లెక్కచేయలేదు. దుకాణం వెనక రేకుల షెడ్డు వేయించాను. ఒక్కొక్క ముక్కా విప్పడం, కడగడం, తుప్పు గీకడం, అతకడం, మళ్లీ బిగించడం. ఎందుకంత పిచ్చి అని అడిగితే ఏం చెప్పాలి? దుకాణంలో ఉదయం నుంచి సాయంత్రం దాకా అబద్ధాలు వింటాను, కొన్ని చెప్తాను. బండి అబద్ధం చెప్పదు. అరిగినది అరిగినట్టే ఉంటుంది. నాకు చాలామంది మనుషుల కంటే ఆ బండి ఎక్కువ నచ్చింది. దీన్ని కూడా ఈ ఒప్పుకోలులో కలిపేసుకోండి.

హైదరాబాదులో పాత బండ్ల సామాను అమ్మే ఆయన ఒకరోజు, మీ దిక్కు నుంచి ఇంకొకాయన కూడా ఇదే బండికి సామాను అడుగుతున్నాడని చెప్పాడు. అట్లా కిషన్ పరిచయమయ్యాడు. భూపాలపల్లిలో బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్. సొంతూరు మహబూబాబాద్ దగ్గర ఒక తండా. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్న. వరంగల్ బయట ఒక తుక్కు మైదానంలో, వెనక సీటు మీద కోళ్లు గుడ్లు పెడుతుంటే చూసి కొన్నాడట. నాదీ అతనిదీ ఒకే మోడలు. నాది నీలం, అతనిది ఒకప్పటి తెలుపు.

అతను ఉండేది క్వార్టర్లో. అక్కడ కారు విప్పి పరుచుకునే జాగా ఎక్కడుంటుంది? నా షెడ్డుకే తెమ్మన్నాను. ఆదివారం ఆదివారం బస్సెక్కి వచ్చేవాడు. నన్ను అన్నా అనేవాడు, మా ఆవిణ్ణి వదినా అనేవాడు. మాటలు తక్కువ. వైర్లు పట్టుకుంటే మాత్రం వేళ్లు వాటంతటవే నడిచేవి. నా బండిలో ఏళ్లుగా వెలగని మీటర్లన్నీ అతనే వెలిగించాడు. సాయంత్రం చేతులు కడుక్కుని, రెండు బండ్లనూ పక్కపక్కన చూస్తూ నిలబడేవాళ్లం. నా జీవితంలో స్నేహం అని చెప్పుకోగలిగింది ఏదైనా ఉంటే అదే.

మా షెడ్డులో రెండు పద్ధతులు ఉండేవి. అవి చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

మొదటిది, మార్చి చూడటం. ఒకే మోడలు బండ్లు రెండున్నప్పుడు రోగం కనిపెట్టడం తేలిక. నా బండిలో ఏదైనా తేడా వస్తే, అనుమానం ఉన్న ముక్కను విప్పి అతని బండిలోది బిగించి చూసేవాళ్లం. తేడా పోతే రోగం ఆ ముక్కలో ఉన్నట్టు. పోకపోతే వేరే చోట ఉన్నట్టు. చూశాక ఎవరిది వాళ్లకు పెట్టేసేవాళ్లం. ఒకరినొకరు అడిగే చేసేవాళ్లం.

రెండోది కిషన్ తెచ్చిన పద్ధతి. గనిలో ఎవరైనా కరెంటు లైను మీద పని చేస్తుంటే స్విచ్చుకు బోర్డు తగిలిస్తారట. తగిలించినవాడే తీయాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. మా షెడ్డులో బోర్డుకు బదులు ఎర్రగుడ్డ. ఏ బండిలోనైనా పని సగంలో ఉంటే స్టీరింగుకు ఎర్రగుడ్డ కట్టాలి. గుడ్డ ఉంటే బండి కదలదు. గుడ్డ లేకపోతే తాళం తీసుకుని పోవచ్చు. మొదట్లో నేను నవ్వాను. తర్వాత నాకూ అలవాటైంది.

ఒక శ్రావణమాసంలో కిషన్ బండి పూర్తయింది. తెల్ల రంగు కొత్తగా మెరిసింది. జర్మనీ నుంచి ఎవరి చేతనో కొత్త టై రాడ్లు తెప్పించుకుని బిగించుకున్నాడు. స్టీరింగు తిప్పితే ముందు చక్రం తిరగాలి కదా, ఆ రెంటినీ కలిపే కడ్డీ అది. దాని చివర గుండులాంటి కీలు ఉంటుంది. వాటి కోసం నెలల తరబడి ఎదురుచూశాడు. వచ్చే ఆదివారం వచ్చి బండి తీసుకుపోతానని చెప్పి, ఎర్రగుడ్డ తనే విప్పి మేకుకు తగిలించి వెళ్లాడు.

ఆ వారం మధ్యలోనే హైదరాబాదు నుంచి కబురు వచ్చింది. పాత బండ్లవాళ్లంతా ఒకచోట కలుస్తున్నారు. అది కిషన్ వస్తానన్న ఆదివారానికి ముందు రోజు, శనివారం. నాకు పోవాలని ఉంది. కానీ నా బండికి ఒక రోగం. వేగం తొంభైకి రాగానే స్టీరింగు వణికేది. అందరి ముందు అట్లా వణికే బండితో పోవడం నాకు నామోషీ. నా ఎడమ వైపు టై రాడ్ కీలు అరిగిందని తెలుసు. చేత్తో పట్టి ఊపితే కదిలేది. వణుకు దానివల్లేనేమో. మార్చి చూస్తే తెలుస్తుంది.

కిషన్‌కు ఫోను చేసి అడగాలి. అడిగితే వద్దనేవాడు కాదు. మరి ఎందుకు అడగలేదు? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు వేసుకున్నాను. అతను డ్యూటీలో ఉంటాడు, ఫోను కలవదు అని ఒక జవాబు. అది నిజం కాదు. అతను ఇంకా ఒక్కసారి కూడా రోడ్డు మీద నడపని కొత్త కడ్డీని నేను ముందు వాడుకుంటానని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. అడగడం కంటే తీసుకోవడం తేలిక అనిపించింది. ఒక్క రోజు పని కదా, తిరిగి వచ్చి పెట్టేస్తాను, అతనికి తెలియనే తెలియదు.

శుక్రవారం మధ్యాహ్నం దుకాణం పనివాళ్లకు అప్పగించి షెడ్డులోకి పోయాను. అతని కొత్త కడ్డీ విప్పి నా బండికి బిగించాను. నా బండి లోపలి వైపు, అతనిది వాకిలి వైపు ఉన్నాయి. నాది బయటికి తీయాలంటే అతని బండిని నెట్టి పక్కన పెట్టాలి. కడ్డీ లేకపోతే చక్రం ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది, నెట్టడం కుదరదు. అందుకని నా అరిగిన కడ్డీని అతని బండికి తగిలించి బిగించాను. నెట్టడానికి మాత్రమే. నడపడానికి కాదు.

మా ఆవిడకు, ఇంట్లో అందరికీ, నేను ఎర్రగుడ్డ కట్టడం మర్చిపోయానని చెప్పడానికి ఎన్నో ఏళ్లుగా లోపల ఒక వాక్యం తయారుచేసి పెట్టుకున్నాను. ఎప్పుడైనా బయటపడితే చెప్పడానికి. మనిషన్నాక మరుపు ఉంటుంది, నేనేమైనా కావాలని చేశానా అని. ఆ వాక్యాన్ని ఇక్కడే తుంచేస్తున్నాను. నేను మర్చిపోలేదు. గుడ్డను మేకు మీద నుంచి తీశాను. చేతిలో పట్టుకుని కిషన్ బండి తలుపు కూడా తెరిచాను. గుడ్డ కడితే మా ఆవిడ చూస్తుంది, ఫోనులో ఎప్పుడైనా కిషన్‌తో అంటుంది, అయిపోయిన బండికి మళ్లీ ఏం పని పెట్టావన్నా అని అతను అడుగుతాడు. ఈ ఆలోచనంతా ఒక నిమిషం కూడా పట్టలేదు. గుడ్డను మళ్లీ మేకుకు తగిలించాను.

శనివారం పొద్దున్నే హైదరాబాదుకు బయలుదేరాను. ఆలేరు దాటి కొంచెం వేగం అందుకోగానే స్టీరింగు వణికింది. ఎప్పటిలాగే. అంటే రోగం ఆ కడ్డీలో లేదు. నేను చేసిన దొంగతనం వల్ల నాకు వచ్చిన లాభం అదే. ఆ క్షణంలో వెనక్కి తిరిగి వచ్చి ఉంటే? తిరిగి రాలేదు. ఇంకా జాగ్రత్తగా, ఎనభై దాటకుండా నడుపుకుంటూ పోయాను. అక్కడ నా బండి చుట్టూ జనం చేరారు. బానెట్ ఎత్తి చూపించాను. మీటర్లు ఎవరు బాగు చేశారని ఒకాయన అడిగితే నేనే అన్నాను.

కిషన్‌కు డ్యూటీ మారిందట. ఆదివారం సెలవు పోయి శనివారం దొరికింది. శాంతను, అంటే తన భార్యను, వెంటబెట్టుకుని మధ్యాహ్నం బస్సులో జనగామ వచ్చాడు. శాంత వాళ్ల తండాలో తీజ్ పండుగ. కూతుర్ని ముందే అమ్మమ్మ దగ్గరికి పంపారు. పుట్టింటికి సొంత కారులో పోయి దిగాలని శాంతకు ఆశ. మా ఆవిడ ఇద్దరికీ చాయ్ పోసింది. కిషన్ షెడ్డులోకి పోయి తలుపు తెరిచి మొదట స్టీరింగే చూశాడట. గుడ్డ లేదు. తాళం అడిగి తీసుకున్నాడు.

పాలకుర్తి దాటాక తొర్రూరు పోయే దారిలో ఒక మలుపు ఉంది. అక్కడ ఎడమ చక్రం కీలు గూట్లోంచి ఊడిపోయింది. స్టీరింగు ఒకవైపు ఉంటే చక్రం ఇంకోవైపు తిరిగింది. బండి రోడ్డు దిగి కల్వర్టు గోడకు గుద్దుకుంది. శాంత కూర్చున్న వైపే గుద్దుకుంది. వెనక వస్తున్న ఆటోలవాళ్లు వాళ్లను బయటికి లాగి వరంగల్ దవాఖానకు పంపించారు.

నాకు ఫోను వచ్చినప్పుడు భువనగిరి దగ్గర ఉన్నాను. అక్కడి నుంచి నేరుగా దవాఖానకు పోవాలి. పోలేదు. జనగామ నుంచి పాలకుర్తి దారి పట్టి ముందు బండి దగ్గరికి పోయాను. పొద్దు కుంకుతోంది. నలుగురైదుగురు నిలబడి ఉన్నారు గానీ వంగి చూసేవాడు ఎవడూ లేడు. బండి సంగతి తెలిసినవాణ్ణని చెప్పి, పానా పట్టుకుని కిందికి దూరాను. ఊడిన కీలు చేతికి తగిలింది. విప్పి సంచిలో వేసుకున్నాను. ఆ తర్వాతి వారం దుకాణంలో పోగైన పాత ఇనుముతో కలిపి కిలోల లెక్కన తుక్కువాడికి వేశాను. చాలా శుభ్రంగా పని చేశాను.

దవాఖానలో శాంతను ఆపరేషనుకు తీసుకుపోయారు. ఆమె తల్లి తండా నుంచి వచ్చి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. వాళ్ల భాషలో కిషన్‌తో ఏదో అంటోంది. నాకు ఆ భాష రాదు. మాటలు అర్థం కాలేదు. కిషన్ నుదుటికి కట్టు ఉంది. నన్ను చూడగానే లేచి, చెయ్యి పట్టుకుని వరండా చివరికి తీసుకుపోయాడు.

"అన్నా, ఒక్క మాట అడుగుత. నిజం చెప్పు. బండి గుంజిందా, నేనే గుంజిన్నా?"

నేను అతని నుదుటి కట్టు చూస్తూ నిలబడ్డాను.

"నాకైతే బండే గుంజినట్టు కొట్టింది. నేను దిప్పలే. అదే దిరిగింది. నువ్వు బండి చూసొచ్చినవట గదా. ఏమన్న ఊడిందా?"

"ఏం ఊడలే."

"మంచిగ చూసినవా?"

"కిందికి దూరి చూసిన తమ్మీ. అంత మంచిగనే ఉన్నది. నువ్వే జర స్పీడుల ఉన్నవ్."

"స్పీడా? నేను మెల్లగనే వస్తున్న గదన్నా."

"ఆ బండి సంగతి నీకు ఎరుకే గదా. అరవై అనిపిస్తది, చూస్తే వంద ఉంటది. కొత్తల ఎవ్వలకైనా గట్లనే అయితది."

అతను తన రెండు చేతులూ చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

"గంతే గావచ్చన్నా," అన్నాడు. "నువ్వు చెప్తున్నవంటే గంతే."

ఇంతే జరిగింది. దీన్ని ఇప్పుడు మళ్లీ చదువుకుంటే నాకు ఒక సంగతి కనిపిస్తుంది. ఆ బండి వేగం తెలియనివ్వదన్న మాట నిజమే. ఆ మోడలు నడిపిన ఎవరిని అడిగినా అదే చెప్తారు. అబద్ధం నిలబడటానికి నేను దానికింద ఒక నిజాన్ని ఆనించాను. ఆ పని నాకంటే బాగా ఇంకెవరూ చేయలేరు, ఎందుకంటే ఆ బండి గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాడు చుట్టుపక్కల లేడు. కిషన్ తన చేతులు చెప్పిన మాట వదిలేసి నా మాట తీసుకున్నాడు. కడ్డీ మార్చడం తప్పు. గుడ్డ కట్టకపోవడం ఇంకా పెద్ద తప్పు. కానీ ఆ రెంటికీ క్షమాపణ అడగొచ్చు. ఆ వరండాలో చెప్పిన మాటకు ఎట్లా అడగాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

ఎందుకు చెప్పాను? పోలీసులకు భయపడ్డానా? కొంచెం. మా బావమరిది ఉన్నాడు, అది సర్దుకునేదే. డబ్బుకు భయపడ్డానా? లేదు. కిషన్ నన్ను చూసే చూపు మారుతుందని భయపడ్డాను. అన్న అంటే అన్నీ తెలిసినవాడు అని అతని నమ్మకం. ఆ నమ్మకం పోకుండా ఉండటానికి అతని మీద అతనికున్న నమ్మకాన్ని తీసేశాను.

ఊళ్లో నేను పెద్దగా కష్టపడాల్సిన అవసరం కూడా రాలేదు. మా బావమరిది సంగతి విని, "తండోళ్లకు గసొంటి బండ్లెందుకు బావా, నడుపరాక పానాల మీదికి తెచ్చుకునుడు గాకపోతే," అన్నాడు. దుకాణంలో కూర్చున్న నలుగురూ తలలూపారు. కిషన్ నాకంటే నెమ్మదిగా, నాకంటే నిదానంగా నడుపుతాడని నాకు తెలుసు. ఒక్క మాట అనొచ్చు. అనలేదు. నా అబద్ధం కోసం జనం ముందే చాప పరిచి ఉంచారు, నేను పోయి దాని మీద కూర్చున్నాను. అదే కారు నా చేతిలో గుద్దుకుని ఉంటే, కారులోనే ఏదో లోపం ఉందని అందరూ అనేవారు. సిగ్గుగా ఉంది. రాస్తున్నప్పుడు ఎక్కువ సిగ్గుగా ఉంది.

శాంత ప్రాణాలతో బయటపడింది. కుడి మోకాలు మాత్రం మళ్లీ వంగలేదు. ఆమె అంగన్‌వాడీలో పనిచేసేది. అక్కడ కింద కూర్చుని పిల్లలకు తినిపించాలి, ఎత్తుకోవాలి, లేవాలి. కొన్నాళ్లు కుర్చీ వేసుకుని చూసింది. కుదరక మానేసింది. కిషన్ ఆ తర్వాత స్టీరింగు ముట్టుకోలేదు. స్కూటరు కూడా అమ్మేశాడు. గనికి బస్సులో పోతాడు, కూరగాయలకు నడిచి పోతాడు.

నుజ్జైన బండిని నా షెడ్డుకే తెచ్చి పెట్టారు. కొన్ని నెలల తర్వాత కిషన్ ఫోను చేసి, దాన్ని చూడలేను, నీ బండికి పనికొచ్చేవి తీసుకో అన్నా అన్నాడు. నేను మర్యాదకు ఒకసారి వద్దన్నాను. రెండోసారి అనగానే సరే అన్నాను. అతని గేర్‌బాక్సు, వెనక తలుపులు, ఏళ్ల తరబడి నాకు దొరకని డాష్‌బోర్డు, అన్నీ నా బండిలోకి వచ్చాయి. దాంతో నా బండి పూర్తయింది. ఇప్పుడు దాన్ని చూసినవాళ్లు అన్నీ అసలు సామానే కదా అని ఆశ్చర్యపోతారు. ఆ కొత్త కడ్డీ కూడా అందులోనే ఉంది. విప్పి పారేద్దామని చాలాసార్లు కింద పడుకున్నాను. బాగున్న ముక్కను ఎందుకు విప్పాలని నాలోని మెకానిక్కు అడుగుతాడు, నేను లేచి వస్తాను.

మంచికీ చెడుకూ మేము కలుస్తూనే ఉన్నాం. కిషన్ నన్ను అన్నా అనడం మానలేదు. వాళ్ల పిల్ల అనూష నన్ను పెద్దబాపూ అంటుంది. ఆ పిల్ల వ్యవసాయం చదివింది. మహదేవపూర్ మండలంలో విస్తరణ అధికారిగా ఉద్యోగం వచ్చింది. గోదావరి ఒడ్డు ఊళ్లు, ఒకదానికొకటి దూరం, పొద్దున ఒక ఆటో, సాయంత్రం ఒక ఆటో. పొలాలకు తిరగాలంటే సొంత బండి ఉండాల్సిందే. స్కూటీ నేర్చుకుంటానంది. కిషన్ ఒప్పుకోలేదు. తనకు తన చేతుల మీద అదుపు లేదని, అది పిల్లకూ వచ్చి ఉంటుందని అతని భయం. ఇంట్లో రోజూ గొడవ.

మొన్న వేసవిలో కిషన్ ఫోను చేశాడు. "పిల్ల నా మాట ఇంటలేదన్నా. నీ దగ్గరికి తోలిస్త. ఆ రోజు ఏమైందో నువ్వే చెప్పు, నీ మాట ఇంటది," అన్నాడు.

ఆ పిల్ల వచ్చింది. షెడ్డులో నా నీలం బండి పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. తండ్రిలాగే తక్కువ మాట్లాడుతుంది. కాసేపు ఎండల గురించి మాట్లాడాక, అడగాలని వచ్చింది అడిగింది.

"పెద్దబాపూ, ఏమనుకోవద్దు. మా బాపు నడిస్తెనే మెల్లగ నడుస్తడు. గాయన గంత స్పీడు ఎట్ల వోయిండు?"

"ఆ బండే గసొంటిది బిడ్డా. స్పీడు తెల్వనియ్యది."

"మా అమ్మ ఇప్పటికి గూడ అంటది. మీ బాపు మెల్లగనే నడిపిండు, నేను పక్కనే కూసున్న, మీటరు గూడ చూసిన అని. బాపు వినడు. నా మీద పానంతోటి గట్లంటున్నవ్ అంటడు. అన్న కిందికి దూరి చూసిండు గదా, ఆయనకు తెల్వదా అంటడు. అమ్మ చెప్పేది నిజమేమో అని నాకు ఆశ ఉండె. నువ్వు చెప్పు పెద్దబాపూ."

ఈ మాట నేను అంతవరకూ వినలేదు. శాంత మీటరు చూసిందని నాకు తెలియదు. నా బండిలో వెలగని మీటర్లను వెలిగించినవాడే తన బండి మీటరు కూడా బిగించుకున్నాడు, అది తప్పు చూపించదు. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో, మోకాలు పోగొట్టుకున్న మనిషే భర్తకు నిజం చెప్తూ ఉంది. అతను నమ్మడం లేదు. నా వల్ల. ప్రేమ కొద్దీ అబద్ధం చెప్తోందని అనుకుంటున్నాడు.

చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం నాకు మళ్లీ రాదు. పిల్ల ఎదురుగా ఉంది. ఇంకెవరూ లేరు. నోరు తెరిచాను కూడా.

"అమ్మకు ఆ దెబ్బతోటి యాది ఉండదు బిడ్డా," అన్నాను.

ఆమె తల ఊపింది. సరే పెద్దబాపూ అంది. మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. పోయిన నెల ఉద్యోగం మానేసిందని కిషన్ చెప్పాడు. పిల్ల నా మాట విన్నందుకు నాకు థాంక్స్ చెప్పాడు.

ఆ తర్వాతే ఇది రాయడం మొదలుపెట్టాను. మొదటి అబద్ధం భయంతో చెప్పానని ఎవరైనా అనొచ్చు. రెండోదానికి ఏ పేరు పెట్టాలి? అలవాటు అనాలేమో. ఇన్నేళ్లు వాడి వాడి అది నా నోటికి సొంతమైంది.

ఇప్పుడైనా పోయి చెప్పొచ్చు కదా అని మీరంటారు. రేపే భూపాలపల్లి పోతున్నానని ఇక్కడ రాస్తే చదవడానికి బాగుంటుంది. పోతానో లేదో నాకు తెలియదు. తెలియనిది రాసి ఇంకో అబద్ధం చేర్చలేను. పోతే కిషన్ ఏం చేస్తాడో కూడా తెలియదు. కొట్టొచ్చు. ఏడవొచ్చు. అంతకంటే నాకు భయం, ఊకో అన్నా అయిందేదో అయింది అంటాడేమోనని. అట్లా అనిపించుకునే హక్కు నాకు లేదు. మిమ్మల్నీ క్షమించమని అడగడం లేదు. వినమని మాత్రం అడిగాను, విన్నారు. రాస్తుంటే ఛాతీ కొంచెం తేలికైంది. అది నాకు రావలసింది కాదు, అయినా వచ్చింది, కాదనలేను.

ఇక చెప్పాల్సింది చెప్పేస్తాను. ఇన్ని కాగితాలు తిప్పింది ఈ నాలుగు మాటల కోసమే. ఊడిన కీలు నాది. బిగించింది నేను, విప్పి దాచిందీ నేను. శాంత ఇన్నేళ్లుగా చెప్తున్నదే నిజం. కిషన్ ఆ రోజు మెల్లగానే నడిపాడు.